గ్రామము నుండి విదేశమునకు పార్సిలు: తపాలా, సుంకముల నియమములు

నిజామాబాదు, ఆర్మూరు, బోధను ప్రాంతపు గ్రామములలో విదేశమున ఒక్కరైనను లేని వాడకట్టు అరుదు. కొన్ని దశాబ్దములుగా ఇచ్చటి యువకులు దుబాయి, మస్కటు, కువైటు, సౌదీ అరేబియా, బహ్రెయిను, ఖతరులకు పనికై పోవుచున్నారు. ఇటీవలి కాలమున చదువులకై అమెరికాకు, బ్రిటనుకు, ఆస్ట్రేలియాకు పోవువారును పెరిగిరి. బతుకమ్మ పండుగ వచ్చిన నాడు, సంక్రాంతికి సకినాలు పోసిన నాడు, దూరముననున్న బిడ్డకు ఒక డబ్బా పంపవలెనని తల్లికి తోచుట సహజము. సకినాలు, అరిసెలు, మామిడి తొక్కు, ఇంటి పసుపు, కారము, రెండు జతల బట్టలు, ఇవియే సాధారణముగా మూటలో చేరును.

ఈ మూటను పంపుట ఎట్లు? ఎచ్చట ఇయ్యవలెను? ఏ వస్తువు పోవును, ఏది పోదు? ఈ ప్రశ్నలు తరచుగా సర్పంచి ఇంటికిగాని, వార్డు సభ్యుని అరుగు మీదికిగాని వచ్చుచుండును. 2025 డిసెంబరులో ఎన్నికైన నూతన పంచాయతీ సభ్యులకు ఇట్టి ప్రశ్నలు ఇప్పటికే ఎదురై యుండును. ప్రశ్న చిన్నదే అయినను పర్యవసానము చిన్నది కాదు. ప్రేమతో కట్టిన పొట్లములోని గుప్పెడు గసగసాలు, ఒక దగ్గు మందు సీసా, దానిని అందుకొన్న కుమారుని చెరసాలకు పంపగలవు. కావున ఈ విధానమును పంచాయతీ సభ్యులు తాము తెలిసికొని, గ్రామస్థులకు తెలియజెప్పుట ఆవశ్యకమని మా అభిప్రాయము.

మూట కంటె చీటీ ముఖ్యము

బోధను ప్రాంత రైతులకు ఒక సంగతి వివరింప నక్కరలేదు. నిజాంసాగరు ప్రాజెక్టు 1931లో పూర్తియై మంజీర నీరు కాలువలలో పారిన పిదప ఇచ్చట చెరకు సాగు విస్తరించెను. 1937లో శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. 2015 డిసెంబరులో మూతపడువరకు ఆ కర్మాగారమునకు చెరకు తోలిన రైతులు వేలమంది కలరు. బండి నిండ చెరకు ఉండవచ్చును. కాని కాటా మీద తూచి ఇచ్చిన చీటీ లేనిదే ఆ చెరకునకు లెక్క లేదు, లెక్క లేనిదే పైకము లేదు. చీటీలో వ్రాసినదానికి, బండిలో ఉన్నదానికి తేడా వచ్చినచో తగవు తప్పదు.

విదేశమునకు పోవు పార్సిలు విషయమును అంతియే. దానిపై అతికించు సుంక ప్రకటన పత్రమే దానికి కాటా చీటీ. పెట్టెలో ఏమున్నది, ఎంత బరువు, ఎంత విలువ, ఎందులకు పంపుచున్నారు అను వివరములను పంపువారు స్వయముగా వ్రాసి, క్రింద సంతకము చేయుదురు. ఈ పత్రమునందు ఉన్నది ఉన్నట్లు వ్రాయుటయే ఈ వ్యవహారమంతటికిని మూలసూత్రము. తక్కిన నియమములన్నియు దీనినుండి పుట్టినవే.

చేతి మూటలోని ప్రమాదము

మన గ్రామములలో ఎక్కువమంది తపాలా కార్యాలయమునకు పోరు. సెలవు మీద వచ్చి తిరిగి పోవు పొరుగువానికి మూట అప్పగింతురు. ఖర్చు లేదు, కాగితము లేదు, నాలుగు దినములలో చేరును. ఈ సౌలభ్యమును మేము కాదనము. కాని విమానాశ్రయమున అధికారి సంచి విప్పినపుడు, అందలి ప్రతి వస్తువునకు ఆ సంచి తెచ్చినవాడే జవాబుదారి. "ఇది నాది కాదు, మా ఊరివారు ఇచ్చిరి" అను మాట ఆతని బాధ్యతను తొలగింపదు. ఎవరో ఇచ్చిన మూటను విప్పి చూడక తీసికొనిపోయి, అందు నిషిద్ధ వస్తువు ఉండుటచే గల్ఫు దేశములలో నిర్బంధింపబడిన భారతీయులు కలరు.

అందుచే రెండు కట్టుబాట్లను గ్రామమున అలవాటు చేయవలెను. మొదటిది, మూట ఇచ్చువారు మోయువాని యెదుటనే దానిని విప్పి, ఒక్కొక్క వస్తువును చూపి, తిరిగి కట్టవలెను. రెండవది, మోయువాడు చూడని మూటను తీసికొనరాదు. అడుగుట అవమానము కాదు, చూపుట అనుమానము కాదు. వస్తువులు ఎక్కువైనచో, లేక మోయువాడు పరిచితుడు కానిచో, తపాలా మార్గమే క్షేమము.

తపాలా వెనుకనున్న ఏర్పాటు

1950 వరకు మన ప్రాంతమున హైదరాబాదు సంస్థానపు తపాలా బిళ్ళలు చెల్లుచుండెను. పిదప ఆ తపాలా భారత తపాలాలో విలీనమయ్యెను. దేశముల నడుమ తపాలా ఏర్పాటు అంతకంటె ప్రాచీనమైనది. 1874 అక్టోబరు 9న స్విట్జర్లండులోని బెర్నె నగరమున కొన్ని దేశములు కలిసి చేసికొన్న ఒప్పందము నుండి విశ్వ తపాలా సంఘము పుట్టెను. భారతదేశము 1876లో అందు చేరెను. నేడు 192 దేశములు అందు సభ్యులుగా నున్నవి. ఒక దేశమున అంటించిన బిళ్ళను మరియొక దేశము గౌరవించుట, సుంక ప్రకటన పత్రము అన్ని దేశములలో ఒకే తీరున నుండుట, ఈ సంఘము మూలముననే సాధ్యమైనవి.

తపాలా వారు పార్సిలును మోయుదురు గాని, దేశములోనికి దానిని రానిచ్చునది, దానిపై సుంకము విధించునది ఆయా దేశపు సుంకశాఖ, అనగా కస్టమ్సు శాఖ. మన దేశమున ఈ శాఖ 1962 నాటి కస్టమ్సు చట్టము ననుసరించి పనిచేయుచున్నది. 1898 నాటి తపాలా చట్టమునకు బదులుగా వచ్చిన 2023 నాటి తపాలా కార్యాలయ చట్టము 2024 జూన్ 18న అమలులోనికి వచ్చెను. నిషిద్ధ వస్తువు ఉన్నదని గాని, సుంకము చెల్లవలసి యున్నదని గాని తోచిన పార్సిలును సుంకశాఖకు అప్పగించు అధికారమును ఈ చట్టము తపాలా వారికి ఇచ్చుచున్నది. కనుక "తపాలా వారికి తెలియకుండ" ఏదియో పంపవచ్చునను ఆలోచన నిష్ఫలము.

ఇంటి యొద్ద చేయవలసినది

గ్రామమునందలి శాఖా తపాలా కార్యాలయము ఉత్తరములకు, పొదుపు ఖాతాలకు ఉపయోగపడును. విదేశ పార్సిలుకై నిజామాబాదు లేక బోధనులోని పెద్ద తపాలా కార్యాలయమునకు పోవుట మంచిది. ఏ కౌంటరున, ఏ వేళలలో స్వీకరింతురో ముందుగా గ్రామపు తపాలా అధికారి ద్వారా విచారించినచో బస్సు ఖర్చు వృథా కాదు. పోవుటకు ముందు ఇంటియొద్దనే ఈ క్రింది పనులు పూర్తి చేయవలెను.

మొదట, పంపు వస్తువుల పట్టికను కాగితముపై వ్రాసికొనవలెను. ప్రతి వస్తువు ఎన్ని, ఎన్ని గ్రాములు, ఎంత విలువ అనునవి అందుండవలెను.

రెండవది, వస్తువులను గట్టి అట్టపెట్టెలో సర్దవలెను. తొక్కులు, నూనె పదార్థములు కారినచో మన పార్సిలుతోపాటు ఇతరుల పార్సిళ్ళును పాడగును. వానిని గట్టి మూత గల ప్లాస్టిక్కు డబ్బాలో నుంచి, దానిని రెండు మందమైన సంచులలో మూసి, చుట్టును మెత్తని కాగితము కూరవలెను. గాజు సీసాలు వాడకుండుట మేలు. సకినాల వంటి పెళుసు వస్తువులను కదలకుండ సర్దవలెను.

మూడవది, పెట్టెను పూర్తిగా అంటించి తీసికొనిపోరాదు. లోపలి వస్తువులను కౌంటరు ఉద్యోగి చూడగోరవచ్చును. చూపిన పిదప అక్కడనే మూసివేయుటకు టేపును వెంట తీసికొనిపోవలెను.

నాలుగవది, చిరునామాను ఇంగ్లీషులో స్పష్టముగా వ్రాయవలెను. అందుకొనువారి ఫోను సంఖ్య తప్పనిసరి. సంయుక్త అరబు ఎమిరేట్లలో ఉత్తరములు సాధారణముగా ఇంటికి గాక పోస్టు బాక్సునకు చేరును. కావున కార్మిక నివాసములలో నుండువారు తమ కంపెనీ పోస్టు బాక్సు సంఖ్యను అడిగి పంపవలెను. సౌదీ అరేబియాలో ప్రతి కట్టడమునకు "జాతీయ చిరునామా" కలదు. దాని సంక్షిప్త రూపమున నాలుగు అక్షరములు, నాలుగు అంకెలు ఉండును. దానినికూడ వ్రాసినచో పార్సిలు దారి తప్పదు.

ఐదవది, పంపువారు తమ గుర్తింపు పత్రమును, దాని నకలును వెంట తీసికొనిపోవలెను.

పండుగకు చేరవలెనని కోరువారు కనీసము నాలుగు వారములు ముందుగా పంపుట మంచిది. సుంకశాఖల తనిఖీకి పట్టు కాలము మన చేతిలోనిది కాదు.

ప్రకటన పత్రము వ్రాయు తీరు

పార్సిలుకు వాడు సుంక ప్రకటన పత్రమునకు "సి.ఎన్. 23" అని పేరు. దీనిని నింపుటలోనే ఎక్కువ తప్పులు జరుగుచున్నవి. "గిఫ్టు" అనియు, "తినుబండారములు" అనియు ఒక్క మాట వ్రాసి ఊరకుండుట చాలదు. "బియ్యపు పిండి, నువ్వులతో చేసిన నూనె వంటకము, 1 కిలో", "పసుపు పొడి, 500 గ్రాములు", "నూలు చీర, 1" అని వేర్వేరుగా వ్రాయవలెను. సకినాలు, అరిసెలు అను మన పేర్లు పరదేశపు అధికారికి తెలియవు. వస్తువు దేనితో చేసినదో ఇంగ్లీషులో చెప్పవలెను.

ప్రతి వస్తువునకు ప్రపంచమంతట ఒకే సంఖ్య వాడుకలో నున్నది. దానిని హెచ్.ఎస్. కోడు అందురు. అందు మొదటి ఆరు అంకెలు అన్ని దేశములకు సమానము. ఉదాహరణమునకు పసుపునకు 0910.30. ఈ సంఖ్యను ఎరిగి వ్రాసినచో భాష తెలియని అధికారికి కూడ వస్తువు తెలియును.

పత్రమున "కానుక", "నమూనా", "అమ్మకపు సరకు" మొదలగు గడులుండును. కానుక అయినచో కానుక గడిలోనే గుర్తు పెట్టవలెను. అమ్మకమునకు పంపుచు కానుక అని గుర్తు పెట్టుట అబద్ధపు ప్రకటన యగును. విలువ విషయమునను అంతియే. సుంకము తగ్గునని ఐదువేల రూపాయల వస్తువునకు ఐదువందలని వ్రాయువారు కలరు. అది పట్టుబడిన యెడల జరిమానా గలదు. పట్టుబడకున్నను, పార్సిలు పోయిన నాడు పరిహారము అడుగుటకు మన వ్రాతయే మనకు అడ్డు వచ్చును.

మరియొక గడిని చాలమంది చూడకయే విడుతురు. పార్సిలు అందనిచో ఏమి చేయవలెను, తిరిగి పంపవలెనా, విడిచివేయవలెనా అను ప్రశ్నకు పంపువారే జవాబు గుర్తింపవలెను. తిరిగి వచ్చు పార్సిలుకు ఖర్చు మనపై పడవచ్చును. నిలువ లేని తినుబండారములకు "విడిచివేయుడు" అనుటయే లాభము. పట్టుచీర వంటిదైనచో "తిరిగి పంపుడు" అనవలెను.

2021 జనవరి నుండి వస్తువులు గల పార్సిళ్ళ వివరములను, పార్సిలు చేరుటకు ముందే, ఎలక్ట్రానిక్ పద్ధతిని గమ్యదేశమునకు తెలుపు నియమము అమలులోనికి వచ్చెను. కావున చేతివ్రాత పత్రము మాత్రమే చాలదు. కంప్యూటరున వివరములు ఎక్కవలెను. తపాలాశాఖ వెబ్‌సైటున ఇంటినుండియే వివరములను నింపుకొను సౌకర్యము కలదు. చదువుకొన్న యువతీయువకులు ఇంటి పెద్దల పక్షమున ఈ పని చేయవచ్చును. కౌంటరు వద్ద తొందరలో చెప్పుటకంటె, ఇంటియొద్ద నిదానముగా వ్రాయునపుడు తప్పులు తక్కువ.

పంపరాని వస్తువులు

కొన్ని వస్తువులను ఏ దేశమునకును విమాన తపాలాలో పంపరాదు. అత్తరు, సెంటు, గోళ్ళ రంగు, లైటరు, అగ్గిపెట్టె, టపాకాయలు, ఒత్తిడితో చిమ్ము డబ్బాలు, ఇవి అన్నియు మంట అంటుకొను స్వభావము కలవి. విడి బ్యాటరీలును అపాయకరములే. నగదు నోట్లను, బంగారమును కానుకల నడుమ దాచి పంపరాదు.

మన దేశపు చట్టములే కొన్నింటిని ఆపుచున్నవి. నెమలి ఈకలను విదేశమునకు పంపరాదు. నూరేండ్లు దాటిన విగ్రహములు, నాణెములు మొదలగు పురావస్తువులు, డెబ్బదియైదేండ్లు దాటిన విలువగల వ్రాతప్రతులు 1972 నాటి పురావస్తు చట్టమునకు లోబడినవి. తాతలనాటి తాటాకు గ్రంథమును అమెరికాలోని మనుమనికి కానుకగా పంపుట నేరము కాగలదు. ఆహార ధాన్యముల విషయమున నియమములు మారుచుండును. ఉదాహరణమునకు, బాసుమతి కాని తెల్ల బియ్యపు ఎగుమతిని 2023 జూలై 20న ప్రభుత్వము నిషేధించి, 2024 సెప్టెంబరు 28న ఆ నిషేధమును తొలగించెను. నిరుడు పోయినదని ఈయేడు పోవునని అనుకొనరాదు.

గల్ఫు దేశముల నియమములను ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. మన వంటింట మసాలా దినుసైన గసగసాలు సంయుక్త అరబు ఎమిరేట్లలోను, సౌదీ అరేబియాలోను నిషిద్ధములు. నల్లమందు మొక్క గింజలగుటచే వానిని మాదక ద్రవ్యముగా పరిగణింతురు. విడిగా గసగసాలు పంపకున్నను, ఇంట నూరిన మాంసపు మసాలాలో అవి కలిసి యుండవచ్చును. కావున గల్ఫునకు పంపు మసాలా పొడిలో గసగసాలు లేవని వండినవారినే అడిగి నిశ్చయించుకొనవలెను. తమలపాకులు, కిళ్ళీలు ఎమిరేట్లకు పంపరాదు.

మందులు మరింత అపాయకరములు. ఇచ్చట వైద్యుడు వ్రాసిచ్చు కొన్ని దగ్గు మందులలో కోడీను, కొన్ని నొప్పి మాత్రలలో ట్రమడాలు, కొన్ని నిద్ర మాత్రలలో ఆల్ప్రజోలాము ఉండును. ఎమిరేట్లలో ఇవి కఠిన నియంత్రణకు లోబడినవి. అక్కడి ఆరోగ్యశాఖ అనుమతి లేనిదే దగ్గర నుంచుకొనరాదు. మన మందుల దుకాణమున సులభముగా దొరికినంత మాత్రమున అక్కడ అది నిర్దోషమైనది కాదు. గల్ఫున నున్నవారికి మందులు పంపుటకంటె, వారిని అచ్చటి వైద్యునికి చూపించుకొనుమని చెప్పుటయే శ్రేయస్కరము.

ఇతర దేశముల తీరు వేరు. బ్రిటను, ఐరోపా సమాఖ్య దేశములు మన దేశము నుండి కానుకగా వచ్చు మాంసమును, పాల పదార్థములను రానీయవు. కనుక పాలకోవా, నేయి, ఎండుమాంసము అచ్చటికి పంపరాదు. ఆస్ట్రేలియా పంటల చీడలను గూర్చి అత్యంత జాగ్రత్త వహించు దేశము. విత్తనములు, మొక్కలు, పాల వస్తువులు అచ్చట సులభముగా దాటవు.

అమెరికాకు పంపు ఆహారమును గూర్చి అచ్చటి ఆహార శాఖకు ముందుగా తెలుపు నియమము కలదు. అయితే ఒక వ్యక్తి తన ఇంట స్వయముగా వండి మరియొక వ్యక్తికి కానుకగా పంపు ఆహారమునకు ఆ నియమము వర్తింపదు. దుకాణమున కొన్న తినుబండారమునకు ఈ మినహాయింపు లేదు. సుంకము విషయమున 2025లో పెద్ద మార్పు వచ్చెను. 800 డాలర్ల వరకు విలువ గల వస్తువులకు అమెరికా ఇచ్చుచుండిన మినహాయింపు 2025 ఆగస్టు 29న రద్దయ్యెను. ఆ సందర్భమున భారత తపాలాశాఖ ఆగస్టు 25 నుండి అమెరికాకు పార్సిళ్ళ స్వీకరణను చాలవరకు నిలిపి, అక్టోబరు 15న తిరిగి ప్రారంభించెను. ఈ నూతన పద్ధతిలో సుంకమును పంపువారే ఇచ్చట ముందుగా చెల్లింతురు. ఎంత చెల్లవలెనో పంపు నాటికి కౌంటరున అడిగి తెలిసికొనవలెను.

రశీదు, పార్సిలు ప్రయాణము

పార్సిలు తీసికొన్న పిదప ఇచ్చు రశీదుపై పదమూడు గుర్తుల సంఖ్య యొకటి ఉండును. మొదట రెండు ఇంగ్లీషు అక్షరములు, నడుమ తొమ్మిది అంకెలు, చివర మరల రెండు అక్షరములు. చివరి రెండు అక్షరములు పంపిన దేశమును తెలుపును. మన దేశమునకు "ఐ, ఎన్" అని యుండును. ఈ సంఖ్యతో పార్సిలు ఎచ్చట నున్నదో వెబ్‌సైటున చూడవచ్చును. సంఖ్యను అందుకొనువారికి వెంటనే పంపవలెను.

ఇచ్చట నుండి పార్సిలు విదేశీ తపాలా కార్యాలయమునకు చేరును. అచ్చట మన సుంకశాఖ వారు వివరములను కంప్యూటరున చూతురు. ఎక్స్‌రే యంత్రమున చూచుటయు కలదు. అనుమానము కలిగినచో పెట్టె విప్పుదురు. గమ్యదేశమున మరల ఇదే తనిఖీ. సుంకము పడినచో, అమెరికా వంటి ప్రత్యేక ఏర్పాటు లేని చోట, అందుకొనువారు చెల్లింతురు. పార్సిలు చేరనియెడల పంపిన దినము నుండి ఆరు నెలల లోపల విచారణకు దరఖాస్తు చేయవలెను. రశీదు లేనిచో దరఖాస్తునకు ఆధారము లేదు. పెట్టెలోని వస్తువులకంటె రశీదును పదిలముగా దాచుమని గ్రామస్థులకు చెప్పవలెను.

అమ్మకమునకు పంపు మహిళా సంఘములకు

నిజామాబాదు పసుపు మార్కెటు ప్రసిద్ధి యెరుగనివారు లేరు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమయ్యెను. పసుపు పొడిని, పచ్చళ్ళను విదేశమున నున్న తెలుగువారికి అమ్మవలెనని మహిళా సంఘములు ఆలోచించుట సహజము, హర్షణీయము. కాని అమ్మకము కానుక కాదు. స్వంత వాడుకకు పంపువారికి ఎగుమతి కోడు అక్కరలేదు. వ్యాపారమునకు పంపువారు విదేశ వాణిజ్య శాఖ వద్ద ఐదువందల రూపాయల రుసుముతో ఆన్‌లైనున ఈ కోడును పొందవలెను. ఆహార భద్రతా లైసెన్సు, పసుపు వంటి సుగంధ ద్రవ్యములకు స్పైసెసు బోర్డు నమోదు కూడ కావలెను.

ఒకప్పుడు చిన్న ఎగుమతిదారు నగరమునకు పోయి కాగితములు సమర్పింపవలసి యుండెను. 2022 డిసెంబరు నుండి తపాలా ఎగుమతి పత్రమును కంప్యూటరు ద్వారానే సమర్పించు పద్ధతి వచ్చెను. ఇందులకై దేశమంతట వేయికి పైగా తపాలా కార్యాలయములందు "డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రములు" ఏర్పడినవి. సరకును స్థానికముగా అప్పగించి, సుంకశాఖ అనుమతిని ఎలక్ట్రానిక్ పద్ధతిని పొందుటకు ఇవి తోడ్పడుచున్నవి. మొదటి పార్సిలు పంపుటకు ముందు సంఘ సభ్యులు ఇట్టి కేంద్రమున విచారించుట ఉచితము.

విదేశము నుండి వచ్చునవి, వాని పేర జరుగు మోసములు

కుమారుడు పంపు పార్సిలు ఇంటికి వచ్చుటయు కలదు. 2019 డిసెంబరు 12 నాటి ఉత్తర్వు ప్రకారము, తపాలా ద్వారా వచ్చు వస్తువులను కానుకలని చెప్పి సుంకము లేకుండ విడిపించుకొను వీలు తొలగెను. ప్రాణరక్షక ఔషధములకు, రాఖీలకు మాత్రమే మినహాయింపు నిలిచెను. తక్కిన కానుకలను సుంకము చెల్లించి తీసికొనవచ్చును. సుంకము పడిన పార్సిలును తపాలా వారు బట్వాడా చేయునపుడు పైకము తీసికొని రశీదు ఇత్తురు.

ఈ నియమము తెలియనివారిని మోసగాండ్రు దోచుచున్నారు. "విదేశము నుండి మీ పేర బంగారము, నోట్లు గల పెట్టె వచ్చినది, కస్టమ్సు వారు ఆపినారు, వెంటనే ఇన్ని వేలు ఈ ఖాతాకు పంపుడు, లేనిచో అరెస్టు చేయుదురు" అని ఫోను వచ్చును. గల్ఫున భర్త, కుమారుడు గల ఇండ్లకు ఇట్టి మాట నమ్మదగినట్లు తోచును. సుంకశాఖ వారు ఫోనున బెదిరించి వ్యక్తిగత ఖాతాలకు పైకము పంపుమనరు. 2019 నవంబరు 8 నుండి ఆ శాఖ పంపు ఉత్తరములపై "డిన్" అను గుర్తింపు సంఖ్య ఉండవలెనను నియమము కలదు. ఆ సంఖ్య నిజమైనదో కాదో శాఖ వెబ్‌సైటున సరిచూచుకొనవచ్చును. పార్సిలు నిజముగా నున్నచో పైన చెప్పిన పదమూడు గుర్తుల సంఖ్యయు ఉండును. ఈ రెండింటిని అడిగినంతనే చాలమంది మోసగాండ్రు ఫోను పెట్టివేయుదురు. ఒకవేళ పైకము పోయినచో క్షణము ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను. ఎంత త్వరగా తెలిపినచో, సొమ్మును బ్యాంకులో ఆపుటకు అంత అవకాశము.

పంచాయతీలు చేయదగిన పనులు

ఇందు పంచాయతీకి పెద్ద ఖర్చు లేదు. కొద్ది శ్రద్ధ చాలును.

ఒకటి: 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ననుసరించి రెండు నెలలకొకసారి జరుగు గ్రామసభలో, పండుగలకు ముందు వచ్చు సభయందు, ఈ విషయమునకు కొంత సమయము కేటాయింపవలెను. గ్రామపు తపాలా అధికారిని పిలిచి మాట్లాడింపవచ్చును.

రెండు: గసగసాలు, మందులు, అత్తరు, బ్యాటరీలు, నగదు, బంగారము అను ఆరింటిని పెద్ద అక్షరములతో వ్రాసి పంచాయతీ కార్యాలయపు గోడపై అంటింపవలెను. అక్షరములు చదువలేనివారికి వాడవాడలా నోటిమాటగా చెప్పింపవలెను.

మూడు: మహిళా సంఘముల గ్రామ సమాఖ్యలో చదువుకొన్న ఒకరిద్దరు పత్రము నింపుట నేర్చుకొని, తక్కినవారికి సాయపడునట్లు చూడవలెను.

నాలుగు: పొరుగువాని మూటను విప్పి చూచిన తరువాతనే తీసికొనిపోవుటను గ్రామపు కట్టుబాటుగా చేయవలెను. సర్పంచి తన ఇంటి మూటను మొదట విప్పి చూపినచో తక్కినవారు సంకోచింపరు.

ఐదు: విదేశమున ఎవరేని నిర్బంధింపబడినట్లు తెలిసిన యెడల, మధ్యవర్తులకు పైకము ఇయ్యక, భారత రాయబార కార్యాలయమునకు, విదేశాంగ శాఖ వారి "మదద్" అను ఆన్‌లైను విభాగమునకు తెలుపునట్లు ఆ కుటుంబమునకు తోడ్పడవలెను.

విదేశమున కష్టించువారు తమ జీతమును ఇంటికి పంపి కుటుంబములను నిలుపుచున్నారు. వారికి మనము పంపు డబ్బాలో ఇంటి రుచి ఉండవలెను గాని ఇబ్బంది ఉండరాదు. వస్తువును చూచి కట్టుట, ఉన్నది ఉన్నట్లు వ్రాయుట, రశీదును దాచుట, ఈ మూడు అలవాట్లు గ్రామమున నిలిచినచో, నిజామాబాదు కౌంటరున ఇచ్చిన పెట్టె దుబాయిలోని బిడ్డ చేతికి చిక్కులు లేకుండ చేరును. ఈ అలవాట్లను తమ తమ వాడలలో నాటుటకు పంచాయతీ సభ్యులు పూనుకొందురని ఆశించుచున్నాము.